ప్లీడరు కోటుకు చెక్కిన కాడి

1946, ఎండలు ముదురుతున్న రోజులు. నరసరావుపేటలో కోర్టుకు పోయే వీధి మొదట్లో నా కుట్టుకొట్టు ఉండేది. ఒక మిషను, కత్తిరించే బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె, గోడకి నిలువెత్తు అద్దం. చొక్కాలూ లాగులూ కుట్టేవాడికి అంత అద్దంతో పనిలేదు. నేను కోట్లు కుట్టేవాణ్ణి. నా పేరు మస్తాను అయితే, జనం "కోటు మస్తాను" అనేవాళ్ళు. మాచర్ల, గురజాల ప్లీడర్లు కూడా పని మీద పేట వచ్చినప్పుడు నా కొట్టుకే వచ్చి కొలతలు ఇచ్చిపోయేవాళ్ళు. ఇది గొప్ప చెప్పుకోవడమే. పని వచ్చినవాడు గొప్ప చెప్పుకోకపోతే రానివాడు చెప్పుకుంటాడు.

మా పని తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. చొక్కా ఒంటి మీద వేలాడుతుంది. కోటు అట్లా కాదు, దానికి లోపల ఒక కట్టడం ఉంటుంది. పైగుడ్డకీ లోపలి లైనింగుకీ మధ్య క్యాన్వాస్ అనే బిరుసు గుడ్డ వేస్తాం. రొమ్ము నిలబెట్టేది అదే. భుజం దగ్గర దూదిని పొరలు పొరలుగా పరిచి, గుడ్డలో పెట్టి కుట్టి, బిళ్ళలా చేసి అమరుస్తాం. దాన్ని షోల్డర్ ప్యాడ్ అంటారు. ఇవన్నీ అయ్యాక తడిగుడ్డ పరిచి దాని మీద ఇస్త్రీపెట్టె నొక్కితే, తడీ వేడీ కలిసి భుజానికి గుండ్రం వస్తుంది. కోటు పని సగం సూదిది, సగం ఇస్త్రీపెట్టెది.

శేషగిరి గారు అప్పుడే కొత్తగా సన్నదు, అంటే కోర్టులో వాదించడానికిచ్చే అనుమతి పత్రం, పుచ్చుకుని వచ్చిన కుర్ర ప్లీడరు. యుద్ధం ముగిసినా గుడ్డ మీద కంట్రోలు పోలేదు. ఎక్కడెక్కడో తిరిగి నల్ల ఆల్పాకా, అంటే మెరుపుండే పల్చటి ఉన్నిగుడ్డ, ఒక్క కోటుకు సరిపడా సంపాదించి తెచ్చారు. కొలతకి నిలబడ్డారు గానీ ఎడమ భుజం మీద కండువా తియ్యలేదు.

"కండువా తియ్యండి బాబూ" అన్నాను.

"మీద నుంచి కొలవరాదూ?"

"నేను కుట్టేది కండువాకి కాదు కదండీ."

చివరికి తీశారు. ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్ళ ఎడం కిందికి దిగి ఉంది. చిన్నప్పుడు మెడ ఎముక విరిగితే కట్టిన కట్టు సరిగ్గా కుదరలేదట. ఆయన నా మొహంకేసి చూడకుండా అద్దంలోకి చూస్తూ, "ఇది కనపడకుండా చెయ్యగలవా?" అని అడిగారు.

"మీ ఇంట్లోవాళ్ళే మిమ్మల్ని పోల్చుకోలేనట్టు చేస్తాను" అన్నాను.

చేశాను కూడా. ఎడమ ప్యాడ్ రెండింతలు మందంగా కట్టాను. లోపల భుజం ఎంత దిగిందో దూది అంత పైకి లేపింది. ట్రయల్ నాడు, అంటే చివరి కుట్లకి ముందు తొడిగి చూసేనాడు, శేషగిరి గారు అద్దం ముందునుంచి ఎంతసేపటికీ కదల్లేదు. కుడివైపు తిరిగి చూసుకున్నారు, ఎడమవైపు తిరిగి చూసుకున్నారు. నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయారు. నాకు ఆ పూట అన్నం కూడా గుర్తుకురాలేదు.

వారం తిరక్కుండా కోటు వెనక్కి వచ్చింది. ఎడమ ప్యాడ్ ముద్దకట్టి చేతివైపు జారిపోయింది. భుజం మునుపటికంటే అధ్వాన్నంగా కుంగింది. మెడ వెనక కాలరు కింద గుడ్డ పొడుచుకొచ్చి బొడిపె లేచింది. నాకు ఒళ్ళు మండింది.

"ఈ కోటేసుకుని ఏం మోశారు బాబూ? వడ్ల బస్తానా?"

"కక్షిదారులుంటే కాగితాలన్నా మొయ్యనూ! ఏమీ మొయ్యలేదు మస్తానూ."

విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ అదే కథ. ఈసారి శేషగిరి గారు కోటు బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు. కోర్టులో ఎదుటి పక్షాన ఉన్న ఒక పెద్ద ప్లీడరు గారు, ఈయన లేచి నిలబడగానే, "అబ్బాయీ, ముందు నీ కోటుని తిన్నగా నిలబడమను, తర్వాత నువ్వు మాట్లాడుదువుగాని" అన్నారట. హాలంతా నవ్వు.

"చిలకలూరిపేటలో మా మేనమామకి తెలిసిన పత్తి మిల్లుంది. లెక్కలు రాసే పని ఇస్తామన్నారు. అక్కడ కోటు అక్కర్లేదు, కండువా చాలు" అన్నారు శేషగిరి గారు. "రొంపిచర్ల వైపు రైతు ఒకాయన గట్టు తగాదా నా చేతిలో పెట్టాడు. నాకున్న దావా అదొక్కటే. ఎదుటి పక్షం ఆ పెద్దాయనే. ఆ వాయిదా దాకా ఉంటాను. ఆ రోజు కూడా నవ్వారా, సన్నదు పెట్టెలో పెట్టేసి మిల్లుకి పోతాను."

చదువుకున్న కుర్రవాడు, గొంతు బాగుంటుంది, లా బాగా తెలుసని గుమాస్తాలే అనేవాళ్ళు. అట్లాంటివాడు నా చేతి కోటు వల్ల కోర్టు వదిలేస్తే నేను ఈ వీధిలో మిషను తొక్కడమెందుకు? తప్పు నా కుట్టులో లేదని నాకు తెలుసు. అయితే ఎక్కడుంది? కోటు నా కొట్లో ఉండదు, కోర్టులో ఉండేదీ పగటిపూటే. మిగతా పొద్దంతా ఎక్కడుంటుందో చూద్దామని, కోటు మళ్ళీ సరిచేసి ఇచ్చిననాటి సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

నేను వీధిలో నిలబడి ఉండగానే శేషగిరి గారు కోర్టు నుంచి వచ్చారు. అరుగు మీద వాళ్ళమ్మగారు కామాక్షమ్మ గారు ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పొడుగాటి వెదురుకర్ర పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన చెమటతో తడిసిన కోటు విప్పి, ముందుకు చాచారు. ఆవిడ దాని కాలరుని కర్ర కొసకి తగిలించుకున్నారు. మడిబట్టలు దండెం మీద ఆరేసినట్టే, చెయ్యి తగలకుండా కోటుని పైకెత్తి, అరుగు గోడకున్న చిలక్కొయ్యకి వేశారు. ఆ తర్వాత చెంబులో నీళ్ళు అరచేత్తో తీసి భుజాల మీదా, వీపు మీదా చల్లారు. చిలకరించడమనుకునేరు, తులసికోటకి పోసినట్టు పోశారు.

"అమ్మగారూ, ఆ నీళ్ళు పడితే లోపల దూది ముద్దకడుతుందండీ" అన్నాను.

"కోర్టుకెళ్ళొచ్చిన గుడ్డ నాయనా. ఎందర్ని తాకిందో, ఎన్ని బల్లలు తాకిందో. నీళ్ళు చల్లకుండా గడప ఎట్లా దాటనిస్తాను?"

"పోనీ చిలక్కొయ్యకి కాకుండా..."

"మరెక్కడ పెట్టను? నెత్తిన పెట్టుకోనా? కుట్టడం నీ పని, నువ్వు కుట్టు. మడి నా పని, నన్ను చేసుకోనీ."

ఆవిడ చెప్పింది న్యాయమే. నా నమాజు సంగతిలో ఎవరైనా వేలు పెడితే నేను ఊరుకుంటానా? ఆ నీళ్ళు ఆగవని అర్థమైంది. కోటు బరువంతా ఆ కొయ్య మీద, మెడ దగ్గర ఒక్కచోటే పడుతోంది. తడిసిన దూది బరువెక్కి కిందికి జారుతోంది. మన పల్నాడు వడగాలికి తెల్లారేలోగా అంతా ఎట్లా వేలాడిందో అట్లాగే ఎండి బిగుసుకుపోతోంది.

ఇంటికి నడుస్తూ ఉంటే దారిలో తట్టింది. నేను తడిగుడ్డ వేసి, వేడి పెట్టి భుజానికి రూపం ఇస్తున్నాను. ఆవిడ నీళ్ళు పోసి, వడగాలి పెట్టి కోటుకి చిలక్కొయ్య రూపం ఇస్తున్నారు. ఇద్దరిదీ ఒకటే పని. కోటుని చిలక్కొయ్య మీద కాకుండా భుజం ఆకారమున్నదాని మీద ఆరబెట్టగలిగితే, ఆ చెంబునీళ్ళు నాకే కూలి లేని ఇస్త్రీ చేసిపెడతాయి. ఆ మాట తట్టాక నేను నడవలేదు, దాదాపు పరుగెత్తాను.

హ్యాంగరు అనేది అప్పటికి పేటలో అరుదు. ఒక బట్టల కొట్టులో మద్రాసు నుంచి వచ్చిందొకటి ఉంటే అడిగి తెచ్చి శేషగిరి గారికిచ్చాను. సన్నటి పలక, మధ్యలో ఇనుప కొక్కెం, రెండు వైపులా సమానం. మర్నాడు ఆయన కొట్టుకొచ్చిన తీరు చూసి నాకే నవ్వొచ్చింది. మందంగా ఉన్న ఎడమ ప్యాడ్‌ని ఆ పలక కిందనుంచి పొడిచి పైకి తోసేసింది. ఎడమ భుజం కుడిదానికంటే పైకి లేచి కూర్చుంది.

"ఇన్నాళ్ళూ కిందికి దిగిందని నవ్వారు మస్తానూ, ఇవాళ పైకి లేచిందని నవ్వారు" అన్నారు ఆయన. ఆయన మాత్రం నవ్వలేదు.

వాయిదా దగ్గర పడుతోంది. వినుకొండ రోడ్డులో బండ్లు చేసే వడ్రంగి బ్రహ్మయ్య దగ్గరికి పోయాను. వరసకేమీ కాకపోయినా ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. అప్పుడు అతను ఎడ్లబండికి కాడి చెక్కుతున్నాడు. నేను చెప్పిందంతా విని చెక్కే బాడిస పక్కన పెట్టాడు.

"కోటుకి కాడి గావాలంటావు."

"అంతే అనుకో బావా."

"ఎద్దు మూపు చూడకుండా కాడి చెక్కితే పుండు పడుద్ది. మనిషిని తోలుకురా."

"ఆయన ప్లీడరు బావా, ఎద్దు కాదు తోలుకురావటానికి."

"ఎవురైతే ఏంది? భుజం భుజమే గదా."

శేషగిరి గారిని ఒప్పించడం కోటు కుట్టడం కంటే కష్టమైంది. బండ్ల చావిడిలో చొక్కా విప్పడమా అన్నారు. నేనూ వదల్లేదు: "మిల్లుకి పోతే అక్కడ మాత్రం కళ్ళుండవా బాబూ? ఇక్కడ చూసేది బ్రహ్మయ్య ఒక్కడే." ఎండకి వీధిలో పురుగు కూడా తిరగని మధ్యాహ్నం చూసి వచ్చారు. కండువా తీసి, చొక్కా విప్పి, తల వంచుకుని నిలబడ్డారు.

బ్రహ్మయ్య వెనకనుంచి వచ్చి రెండు అరచేతులూ ఆ రెండు భుజాల మీదా ఆనించాడు. మెడ దగ్గర్నుంచి చివరిదాకా మెల్లిగా నిమిరాడు. టేపు పట్టలేదు, కళ్ళు మూసుకున్నాడు.

"ఎడ్లల్లో గూడా ఉంటయ్యి అయ్యా ఇట్టాంటియ్యి" అన్నాడు. "ఎడం పక్క దాపటెద్దు మూపు కాస్త దిగిందనుకో, కాడి గూడా ఆ పక్క అట్టానే చెక్కుతాం. బండి తిన్నంగానే పోద్ది. లోడు గూడా బానే లాగుద్ది."

శేషగిరి గారు తలెత్తి, మొదటిసారి గట్టిగా నవ్వారు. "లాగితే చాలయ్యా" అన్నారు.

చెక్క దగ్గర మేమిద్దరం పోట్లాడుకున్నాం. అతను తుమ్మ అన్నాడు. తుమ్మ తడిస్తే రంగు దిగి లైనింగు పాడవుతుందన్నాను. పైగా బరువు. కామాక్షమ్మ గారు దాన్ని కర్రతో ఎత్తాలి. చివరికి బొమ్మలు చేసే పొణికి చెక్క తెప్పించాం, దూదిలా తేలిక. కొనలు మనిషి భుజం చివర ఎంత మందం ఉంటుందో అంత మందంగా ఉంచి గుండ్రంగా చేయించాను. సన్నటి కొన అయితే గుడ్డని పొడుస్తుంది. ఎడమవైపు ఆయన భుజం ఎంత దిగితే అంత దిగింది. ఎందుకంటే కోటు బయటికి సమంగా కనపడినా లోపల మనిషి ఆకారంలోనే ఉంటుంది. హ్యాంగరు ఉండాల్సింది లోపలే కదా.

మొదటిది తిన్నటి పలకలా చేస్తే కోటు ముందుభాగం నోరు తెరిచింది. ఎవరి భుజాలైనా కొద్దిగా ముందుకు వంగి ఉంటాయి, ఆ సంగతి మరిచాం. రెండోదాన్ని అట్లా వంచి చెక్కాడు. తడి ఆరడానికి గాలి ఆడేట్టు లోపల తొలిచి బెజ్జాలు వేశాడు. ఇనుప కొక్కెం తుప్పు కారుతుందని, ఎద్దు గంటకి కట్టే ఇత్తడి కడియం తెచ్చి పైన బిగించాడు. అది చిలక్కొయ్యకీ పడుతుంది, వెదురుకర్రకీ పడుతుంది.

కోటుకి ప్యాడ్ సరిచేసి, హ్యాంగరుతో పాటు ఇచ్చాను. ఆ సాయంత్రం శేషగిరి గారు అరుగు మెట్టు మీదే కోటు విప్పి హ్యాంగరుకి తొడిగి పట్టుకున్నారు. కామాక్షమ్మ గారు కడియంలో కర్ర దూర్చి ఎత్తి చూసి, "ఆఁ, ఇది బాగానే ఉందోయ్, ఊగకుండా వస్తోంది" అన్నారు. చిలక్కొయ్యకి వేసి, తన చెంబునీళ్ళు తను పోశారు. నేను అడ్డుచెప్పలేదు సరికదా, "వీపు మీద కూడా కాస్త పోయండమ్మా" అన్నాను. ఆవిడ నాకేసి అనుమానంగా చూశారు.

పొద్దున్నే పోయి చూశాను. భుజాలు రెండూ సమంగా, ప్యాడ్ పెట్టినచోట పెట్టినట్టే ఉంది. బొడిపె జాడ లేదు. ఇస్త్రీ చేసి ఇచ్చిననాటికంటే భుజం నిండుగా ఉంది. అరుగు కింద వీధిలో నిలబడి ఒక్కణ్ణే ఈల వేశాను. వాయిదా నాటిదాకా ఆవిడ పోసిన ప్రతి చెంబూ కోటుని ఇంకాస్త తీర్చిదిద్దింది.

వాయిదా రోజు కొట్టు మూసి కోర్టు కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల ఉడికిపోతోంది. శేషగిరి గారు లేచారు. పెద్ద ప్లీడరు గారు అలవాటుగా నోరు తెరిచి, ఆ భుజాలకేసి ఒకసారి చూసి, మళ్ళీ చూసి, నోరు మూసుకుని కాగితాలు తిప్పుకున్నారు. నా జన్మకి అది చాలు. కానీ అసలు సంగతి తర్వాత జరిగింది. మొదట్లో శేషగిరి గారు ఎడమ చెయ్యి కదపకుండా, భుజం కాపాడుకుంటూ మాట్లాడారు. గట్టు రాళ్ళ దగ్గరికొచ్చేసరికి మరిచిపోయారు. రెండు చేతులూ ఎత్తి ఆ గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ దున్నేశారో గాల్లో గీసి చూపించారు. కోటు చెమటకి తడిసి ముద్దయినా భుజం కదల్లేదు. ఎదుటి సాక్షిని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసేశారు. ఎదుటివాడు ఆ గట్టు మీద చెయ్యి వెయ్యకూడదని ఆ పూటే ఉత్తర్వు వచ్చింది.

బయటికొచ్చాక ఆ రొంపిచర్ల రైతుకి నేను కోటు సంగతి చెప్పబోతే, "నీ కోటు సంగతి నాకెందుకయ్యా సాయిబూ, నా గట్టు నాకొచ్చింది" అన్నాడు. నేను మాత్రం ఆ గట్టులో ఒక బెత్తెడు నాదేనని ఇప్పటికీ అంటాను.

సంబరంగా శేషగిరి గారితో పాటు వాళ్ళింటిదాకా నడిచాను. కామాక్షమ్మ గారు అరుగు మీదే ఉన్నారు గానీ చేతిలో చెంబూ లేదు, కర్రా లేదు. ఖాళీ హ్యాంగరు చిలక్కొయ్యకి వేలాడుతోంది. ఆవిడ దాని ముందు నిలబడి చూస్తున్నారు.

"సాయిబూ, ఇది మావాడి భుజమేనా?"

"అవునమ్మా. చూసి చెక్కిందే."

"మీసాలొచ్చిన దగ్గర్నుంచీ వీడు నాకు ఈ భుజం చూపించలేదు నాయనా. అన్నానికి కూర్చున్నా కండువా తియ్యడు. ఇట్లా ఉందన్నమాట." దిగిన వైపు అరచెయ్యి వేసి, చివరిదాకా నిమిరారు. తర్వాత కొడుకువైపు చెయ్యి చాచి, "ఇటియ్యి" అన్నారు.

శేషగిరి గారు తెల్లబోయి కోటు ఇచ్చారు. ఆవిడ దాన్ని ఉత్త చేతుల్తో తీసుకుని, హ్యాంగరుకి తనే తొడిగి, కాలరు సర్ది, కొయ్యకి వేశారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం చెంబు తెచ్చి కోటు మీద యథాప్రకారం నీళ్ళు పోసి, "నేనిక తలమీంచి పోసుకోవాలి, వంట ఆలస్యమవుతుంది" అని నూతి దగ్గరికి వెళ్ళిపోయారు.

చిలకలూరిపేట మిల్లు మాట ఆ తర్వాత వినపడలేదు. కొద్దిరోజులకి పెద్ద ప్లీడరు గారే నా కొట్టుకొచ్చి, తన కోటు మెడ వెనక బొడిపె చూపించి, ఆ కాడి తనకూ ఒకటి కావాలన్నారు. బ్రహ్మయ్య దగ్గర చొక్కా విప్పాలండీ అన్నాను. విప్పారు. ఆయన భుజాలు కూడా సమం కాదని మా ఇద్దరికీ తెలిసింది, మేము బయట అనలేదు.

ఆ ఏడు చివర్లో శేషగిరి గారు ఇంకో కోటుకి గుడ్డ తెచ్చారు. "ఈసారి ఎడమవైపు ఆ దూది మూట వద్దు మస్తానూ. ఎండకి చచ్చిపోతున్నాను. భుజం ఎట్లా ఉంటే అట్లా కుట్టు" అన్నారు. నాకు కోపం వచ్చింది. నా పనితనమంతా ఆ ప్యాడ్‌లోనే ఉందన్నాను, జనం చూస్తారన్నాను. "చూడనీ. ఇప్పుడు నేను లేస్తే వినడానికే తీరిక లేదు వాళ్ళకి" అన్నారు.

గొణుక్కుంటూనే కుట్టాను. పూర్తయ్యాక ఆయన హ్యాంగరు తెప్పించి దాని మీద వేశాను. కొత్త కోటు దాని మీద అతికినట్టు కూర్చుంది, ఎక్కడా ముడత లేదు. కోటుని చూసి చెక్కించి ఉంటే పాతదానితోనే దాని పని అయిపోయేది. మనిషిని చూసి చెక్కించాం కనక ఏ కోటుకైనా పనికొచ్చింది. ఆ తర్వాత నేను కొలత తీసే పద్ధతే మార్చాను. ముందు రెండు అరచేతులూ భుజాల మీద ఆనిస్తాను, టేపు తర్వాత. ఇంట్లో కోటు ఎక్కడ తగిలిస్తారో, దాని మీద ఎవరు ఏం పోస్తారో అడిగి తెలుసుకోకుండా కత్తెర పట్టను.

ఆ కొత్త కోటు వేసుకుని ఆయన కోర్టుకెళ్ళిననాడు మళ్ళీ కొట్టు మూసి కిటికీ దగ్గరికి పోయాను. ఎవడైనా నవ్వితే వాడి సంగతి చూద్దామనే పోయాను. శేషగిరి గారు ఒక భుజం దించుకునే లేచి నిలబడ్డారు, హాలు నిశ్శబ్దంగా విన్నది. ఎన్నో కోట్లు కుట్టాను, దొరల దగ్గర కూడా మెప్పులు పొందాను. నాకు అన్నిట్లోకీ గర్వంగా అనిపించేది మాత్రం ఆ వంకర కోటే.